వెర్నా సంగతి ఎవరూ అడగలేదు

పిట్స్‌బర్గ్,
నవంబరు 3, 1997

గ్రెచెన్‌కి,

విందు మధ్యలో చెప్పకుండా లేచొచ్చేశానని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. తలనొప్పి అని నీ సహాయకురాలితో చెప్పింది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. నెల రోజులుగా ఆ మంత్రగత్తె టోపీ పెట్టుకుని ఊరూరా పుస్తకాల షాపుల్లో సంతకాలు పెట్టీ పెట్టీ, చివరికి మీ లైబ్రరీ హాల్లో చెక్కిన గుమ్మడికాయల మధ్య నిలబడేసరికి నాకు ఊపిరాడలేదు. అందులోనూ లైబ్రరీ చందాల కోసం పెట్టే ఆ వేలం. నా తర్వాతి పుస్తకంలో శవంగా పడుకునే హక్కు కోసం పెద్దమనుషులు చేతులెత్తి పోటీలుపడి పాడటం చూస్తే మొదటి ఏడాది ఎంత నవ్వొచ్చిందో! ఈసారి రాలేదు. డెంటిస్టు కెస్లర్ నా భుజం తట్టి, "మీరు నన్ను మఫ్లర్‌తో ఉరి బిగించి చంపిన పేజీకి ఫ్రేము కట్టించానండీ. పళ్లు పీకించుకోవడానికి వచ్చినవాళ్లకి కుర్చీకి ఎదురుగా అదే కనిపిస్తుంది" అన్నాడు. నేనూ నవ్వాను. కారెక్కాక చూసుకుంటే దవడలు నొప్పి.

నా కేలండర్‌లో ఎన్నేళ్లుగానో అక్టోబరు ఒక్కటే నెల, గ్రెచెన్. ఫిబ్రవరిలో కిటికీ బయట మంచు కురుస్తుంటే నేను లోపల కూర్చుని ఎండుటాకులు రాలుస్తుంటాను. జూన్‌లో చెమటలు కక్కుతూ పిల్లలకు దయ్యాల వేషాలు వేస్తుంటాను. ప్రతి హాలోవీన్‌కీ ఆ చిన్న ఊళ్లో ఎవరో ఒకరు చావాలి, నెత్తురు కనబడకుండా. వేషాల దుకాణం నడిపే టాబీ అత్త ఆపిల్ కేకు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి హంతకుణ్ణి పట్టుకోవాలి. చివరి పేజీలో ఆ కేకు చేసే విధానం ఉండాలి. అంతే కదా నేను చేసింది ఇన్నాళ్లూ.

ఒప్పందం ప్రకారం ఇంకొక్కటే మిగిలింది. అది రాసి పడేశాక ఏప్రిల్ నెలలో జరిగే ఒక చిన్న నవల రాస్తాను. అందులో ఎవరూ చావరు. రాయగలనా అంటే తెలియదు. రాయలేనేమో అన్న భయం ఎప్పుడూ ఉన్నదే.

ఇంతకీ పాట ఎవరు గెలిచారు? ఎవర్ని చంపాలో చెప్తే పనిలో పడతాను.

మార్నీ

*

హార్లో మిల్స్, ఒహాయో,
నవంబరు 12

ఒసేయ్ మార్నీ,

తిట్టుకోలేదులే. నీ వాటా మాంసం కూర క్లైడ్ బర్డెట్ తినేశాడు కాబట్టి నష్టమేమీ జరగలేదు. నాలుగో పుస్తకంలో తనను ఆపిల్ రసం పీపాలో ముంచి చంపావని, అయిదో అధ్యాయం దాకా అది హత్యని ఎవరికీ అనుమానమే రాలేదని ఇప్పటికీ అలుగుతున్నాడు. "ఇన్సూరెన్సు ఏజెంటు చస్తే ప్రమాదమనుకుంటారా ఎవరైనా?" అని అడుగుతాడు. అందుకే ఈసారి మళ్లీ పాట పాడాడు. గెలవలేదు.

గెలిచింది ఆర్విల్ స్ట్రౌడ్. స్కూలు బస్సు నడిపే ఆర్విల్, నీకు గుర్తుండడు. గుర్తుండేలా ఎప్పుడూ మాట్లాడడు. క్లైడ్ ఊరుకోడుగా. "నిన్నెవరు చంపుతారయ్యా ఆర్విల్? శత్రువులు ఉండాలంటే ముందు నోరు విప్పాలిగా" అన్నాడు. హాలంతా నవ్వారు. ఆర్విల్ మాత్రం ఎత్తిన చెయ్యి దించలేదు. క్లైడే విసుగొచ్చి కూర్చున్నాడు. పుస్తకంలో తన పేరు వద్దన్నాడు ఆర్విల్. భార్య పేరు పెట్టమన్నాడు. వెర్నా స్ట్రౌడ్. ఆ తర్వాత హాల్లో కాసేపు ఎవరూ ఏం మాట్లాడలేదు. హాలు వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయింది కదా, చలికి అయి ఉంటుంది.

పేరు రాసుకో. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మిగతావి తీరిగ్గా రాస్తాను.

గ్రెచెన్

*

పిట్స్‌బర్గ్,
జనవరి 18, 1998

గ్రెచెన్‌కి,

తీరిక దొరకలేదా? రెండు అధ్యాయాలైపోయాయి. మీ వెర్నా ఇంకా ఒట్టి పేరుగానే నడుస్తోంది. కెస్లర్ అయితే తన ముక్కు ఆకారంతో సహా రాసి పంపాడు. ఈవిడ అలవాట్లేమిటి? ఏం వండుతుంది? ఎవరితో పడదు? మరీ ముఖ్యంగా, ఎవరికి ఒళ్లు మండిస్తుంది?

ఈ రకం పుస్తకాలకు ఒక నియమముంది, నీకెప్పుడూ చెప్పలేదేమో. చచ్చేవాళ్లు ఎవరికీ ఇష్టంలేని మనుషులై ఉండాలి. పిసినారులు, చాడీలు చెప్పేవాళ్లు, పక్కవాడి గుమ్మడికాయకు బహుమతి వస్తే ఓర్వలేనివాళ్లు. మా ఎడిటర్ ఫిలిస్ మాటల్లో చెప్పాలంటే, "పాఠకురాలు టీ కప్పు కింద పెట్టకూడదు. ఏడుపొస్తే పెట్టేస్తుంది." ఎవరికీ బాధ కలగకుండా చంపడమే నా విద్య. నిన్న నేను పాఠం చెప్పే క్లాసులో ఒకమ్మాయి "మీరు నవలలు రాస్తారట కదా" అని గౌరవంగా అడిగితే, ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

వివరాలు పంపు. మెడ పట్టేసింది, పెద్దగా రాయలేను.

మార్నీ

*

హార్లో మిల్స్,
జనవరి 29

మార్నీకి,

చర్చిలో పాట పాడేటప్పుడు అందరికన్నా సగం లైను ముందుంటుంది. ఎవరింటికి వెళ్లినా బల్లమీది గుడ్డ వంకరగా ఉంటే లాగి సరిచేస్తుంది. ఏప్రన్ జేబులో సొంత కత్తెర. అవతలివాళ్ల కత్తెర మీద నమ్మకం లేదు. పక్కింటి కుక్కతో పడదు. టమాటాలు అడక్కుండానే తెచ్చి ఇస్తుంది, వద్దంటే వినదు.

చెడ్డదా మంచిదా అని నువ్వు అడగలేదు కానీ అడిగినట్టే ఉంది. మనిషి.

గ్రెచెన్

*

పిట్స్‌బర్గ్,
మార్చి 9

గ్రెచెన్‌కి,

అయిపోయింది. ఎప్పటిలాగే మొదటి ప్రతి నీకే. ఫిలిస్‌కు వచ్చే నెల ఇస్తే చాలు.

మీ వెర్నా బాగా కుదిరింది. నువ్వు పంపినవన్నీ పనికొచ్చాయి. అందరికన్నా ముందు పాడేది తన గొంతే వినబడాలని. బల్లగుడ్డ లాగేది ఆ ఇంటావిడను తక్కువ చెయ్యడానికి. టమాటాలిచ్చే వంకతో ఇళ్లలో దూరి రహస్యాలు కూపీ లాగుతుంది. కత్తెర సంగతి చెప్పను, చదువు. రెండో అధ్యాయం చివర్లో పోతుంది. మూడో అధ్యాయంలో ఊరంతా హమ్మయ్య అనుకుని గుమ్మడికాయలు చెక్కుకుంటారు. ఒక్క కన్నీటి చుక్క లేదు. ఆవిడకు చూపించు, కెస్లర్‌లాగా ఫ్రేము కట్టించుకుంటుందేమో.

రాసినందుకు సంతోషమేమీ లేదు, పూర్తయినందుకు కూడా లేదు. నిద్ర వస్తోంది, అంతే.

మార్నీ

*

హార్లో మిల్స్,
మార్చి 17

మార్నీ,

చదివాను. రెండుసార్లు.

ఆవిడకు చూపించలేను. వెర్నా వేలానికి ముందే, ఆగస్టులోనే పోయింది. హాల్లో అందరికీ తెలుసు. ఆర్విల్ ఆ పేరు చెప్పగానే క్లైడ్ కూడా తలొంచుకున్నాడు.

నీకు అప్పుడే రాయాల్సింది. రాస్తే వద్దంటావని తెలుసు. ఆర్విల్‌కి వెళ్లి వద్దని చెప్పాల్సింది నేను కదా. నేను చెప్పలేకపోయాను. వివరాలు పంపితే నీ అంతట నువ్వే ఆవిణ్ణి మంచిగా రాస్తావనుకున్నాను. నియమం గురించి నువ్వు రాశాక కూడా అలాగే అనుకున్నాను, ఎందుకో తెలియదు.

ఆర్విల్ ప్రతి శుక్రవారం పిల్లల్ని బడి దగ్గర దింపేసి ఇక్కడికి, లైబ్రరీకొస్తాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "రాస్తున్నారా ఆవిడ?" అంటాడు. "రాస్తోంది" అంటాను. "సరే" అని వెళ్లిపోతాడు. మొన్న శుక్రవారం పుస్తకాల బీరువాల వెనక్కి వెళ్లి నిలబడ్డాను, వెళ్లిపోయేదాకా.

గ్రెచెన్

*

పిట్స్‌బర్గ్,
మార్చి 22

చచ్చిపోయిన మనిషిని నా చేత మళ్లీ చంపించావు. పైగా ఊరంతా హమ్మయ్య అనుకునేలా.

నీ మీద కోపమో నా మీదో తేల్చుకోలేకపోతున్నాను. టమాటాలిచ్చే మనిషిని కూపీలు లాగేదాన్ని చెయ్యడానికి నాకు ఒక్క పూట కూడా పట్టలేదు. అది నువ్వు చేయించింది కాదు.

పేరు మార్చేస్తాను. అది తేలిక. కానీ ఒకటి చెప్పు. భార్య మీద కప్పిన మట్టి ఆరకముందే, ఆవిడ పేరు హత్యల పుస్తకంలో శవానికి పెట్టమని ఏ మనిషైనా ఎందుకు అడుగుతాడు? తెలియక పాడాడా? ఇంకేదో అనుకున్నాడా? వెళ్లి అడుగు. బీరువాల వెనక నిలబడకు.

మా.

*

హార్లో మిల్స్,
ఏప్రిల్ 4

మార్నీకి,

అడిగాను. వాళ్లింటికే వెళ్లాను. కాఫీ పోశాడు, చక్కెర డబ్బా ఎక్కడుందో వెతుక్కున్నాడు. మా మధ్య జరిగిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"ఆర్విల్, ఏమనుకుని పాడావయ్యా ఆ పాట? మార్నీ పుస్తకాలు ఎలా ఉంటాయో తెలుసా నీకు?"

"అన్నీ చదివాను. బడి వదిలేదాకా బస్సులో ఖాళీగా కూర్చోవడమే కదా."

"అయితే ఆ పేరున్న మనిషి చచ్చిపోతుందని తెలుసు."

"చచ్చిపోయే ఉందిగా, గ్రెచెన్."

ఆయన కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. నేనిక లేద్దామనుకుంటుండగా మొదలుపెట్టాడు. ఆయన నోట అంత పొడుగు మాట ఎప్పుడూ వినలేదు.

"ఆ పుస్తకాల్లో ఎవరైనా పోతే ఆ ముసలావిడ కేకు పట్టుకుని బయల్దేరుతుంది చూడు. పొద్దున ఏం తిన్నాడు, ఏ కోటు తొడుక్కున్నాడు, ఎవరితో మాట్లాడాడు, ఆఖర్న ఎవరు చూశారు అని అడుగుతుంది. పోయినవాడు ఎంత వెధవైనా సరే, ఊరంతా తిరిగి అడుగుతుంది. వెర్నా పోతే డాక్టరు 'గుండె' అన్నాడు. పాస్టరు 'ప్రశాంతంగా వెళ్లిపోయింది' అన్నాడు. ఆయన చూశాడా? అందరూ ఏదో ఒకటి వండి తెచ్చారు. మంచివాళ్లే. ఫ్రిజ్ తలుపు మూతపడలేదు. ఒక్కళ్లు కూడా ఏమీ అడగలేదు. నేను బస్సు తనిఖీకి తీసుకెళ్లి తిరిగొచ్చేసరికి వరండాలో కుర్చీలో ఉంది. పొద్దుటినుంచి అప్పటిదాకా ఆవిడ ఏం చేసిందో ఈ భూమ్మీద ఎవరికీ అక్కర్లేదు."

అంతే. తర్వాత మామూలు ఆర్విల్ అయిపోయాడు. గేటుదాకా వచ్చి, "తొందరేం లేదని చెప్పు ఆవిడకి" అన్నాడు.

పేరు మార్చకే, మార్నీ.

గ్రెచెన్

*

పిట్స్‌బర్గ్,
ఏప్రిల్ 11

గ్రెచెన్,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులవుతోంది. రోజూ చదువుతున్నాను.

ఆ ప్రశ్నలు నేను ఎందుకు రాస్తానో తెలుసా? పేజీలు నిండాలి. సగం ప్రశ్నలు పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడానికి. పొద్దున ఏం తిన్నాడన్నది విషం దేంట్లో కలిపారో చెప్పడానికే తప్ప, ఆ మనిషి ఏం తిన్నాడో నాకెప్పుడూ పట్టలేదు. ఖాళీ బస్సులో కూర్చుని ఒకాయన వాటిని నిజం ప్రశ్నలనుకుని చదివాడు. నాకన్నా బాగా చదివాడనాలో, అక్కడ లేనిది చూశాడనాలో తెలియడం లేదు.

ఫిలిస్‌కి ఫోన్ చేశాను. శవం మంచి మనిషై ఉంటుంది, ఊరంతా ఆవిడ గురించి మాట్లాడుకుంటుంది, సగం పుస్తకం అదే అన్నాను.

"మార్నీ, బంగారం, వంటగదిలో నిలబడి చదువుకునే పుస్తకం ఇది. చావింట్లో కూర్చోబెడతావా?"

"కూర్చోబెడితే ఏం?"

"లేచి వెళ్లిపోతారు. ఇంకేం."

ఆమె అన్నది తప్పని కూడా అనలేను. అయినా తిరగరాయడం మొదలుపెట్టాను. వెర్నా గురించి టాబీ అత్త అడగాలి. నేను పుట్టించి రాస్తే మళ్లీ అదే మోసం అవుతుంది. అందుకని నువ్వు అడిగి పెట్టు. ఆ రోజు పొద్దున్న ఏం తింది, ఎవరు చూశారు, ఏం మాట్లాడింది. ఆర్విల్‌ని ఒక్కణ్ణే కాదు, ఊళ్లో అందర్నీ. కేకు కావాలంటే తీసుకెళ్లు.

మార్నీ

*

హార్లో మిల్స్,
మే 16

ఒసేయ్ మార్నీ,

కేకు చెయ్యడం నాకు రాదని నీకు తెలుసు. కొన్న బిస్కెట్లు తీసుకెళ్లాను.

ముందు సిగ్గేసింది. ఆగస్టులో పోయిన మనిషి గురించి మే నెలలో తలుపు కొట్టి అడగడమేమిటి? అందుకే నీ పేరు చెప్పాను, పుస్తకం కోసమని. చెప్పగానే ఎవరూ తటపటాయించలేదు. పుస్తకం కోసమంటే మావాళ్లని ఏదైనా అడగొచ్చు, వాళ్లూ చెప్పొచ్చు.

పొద్దున్నే నిలబడే తింది, కాల్చిన రొట్టె మీద ఆపిల్ జామ్. కూర్చుని తినడం ఎప్పుడూ లేదట, ఇది ఆర్విల్ చెప్పాడు. తర్వాత పక్కింటి మెర్లిన్‌తో కంచె మీదుగా గొడవ. "నీ కుక్కకి తవ్వడానికి నా బంతిమొక్కలే దొరికాయా? అడవంతా ఖాళీగా ఉంది కదా!" అందట. మెర్లిన్ ఇది చెప్తూ ముందు నవ్వాడు. తర్వాత, "నేను కూడా ఏదో అన్నాను గ్రెచెన్, ఏమన్నానో గుర్తు రావట్లేదు" అని చాలాసేపు ఆలోచిస్తూ నిలబడ్డాడు. ఉత్తరాలు పంచే రొబెర్టాకి టమాటాలిచ్చింది. "వద్దమ్మా, నిన్నటివే ఉన్నాయంటే సంచీలో పోసేసింది. ఉత్తరాలు తడిసిపోయాయి" అంది రొబెర్టా.

తర్వాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లింది. నడిచే. ఎండలో. అక్కడ రెండు చిన్న తలుపు బందులు కొంది. కొట్టు హెన్రీకి బాగా గుర్తుంది. "ఆర్విల్ బిగిస్తాడా?" అని అడిగాడట. "ఆయన బిగించేలోగా నాకు ఇంకో పెళ్లయిపోతుంది" అందట.

ఇది చెప్పడానికి ఆర్విల్ దగ్గరికి వెళ్లాను. ఆ బందులు దేనికోసమో ఆయనకు తెలియలేదు. కాసేపటికి లేచి వంటగదిలోకి వెళ్లి అలమర తలుపు తీశాడు. మూశాడు. మళ్లీ తీశాడు. చప్పుడు లేదు.

"ఇది కిర్రుమంటుందని ఎన్నేళ్లుగా తిట్టిందో" అన్నాడు. "ఆ రోజే బిగించినట్టుంది. అప్పటినుంచీ రోజూ ఇందులోంచే కప్పు తీసుకుంటున్నాను. చప్పుడు ఎందుకు రావట్లేదని నేనూ అడగలేదు."

తలుపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎంతసేపటికో వచ్చి పక్కన కూర్చుని, "స్క్రూలు తిన్నగా పట్టించింది" అన్నాడు.

ఇప్పుడు ఊళ్లో అందరూ ఆ రోజు గురించే. పోస్టాఫీసులో, చర్చిలో. నాకు చెప్పడం మర్చిపోయామంటూ మళ్లీ మళ్లీ వస్తున్నారు. అవీ రాసి పంపుతున్నాను. వీటిలో ఏది హత్యకు పనికొస్తుందో నీ ఇష్టం.

గ్రెచెన్

*

పిట్స్‌బర్గ్,
జూన్ 30

గ్రెచెన్‌కి,

ఏదీ హత్యకు పనికిరాలేదు. అన్నీ పెట్టాను.

ఫిలిస్ ఒప్పుకుంది. ఎలా ఒప్పించావని అడక్కు. వచ్చే ఏడాది శరదృతువులో వస్తుంది పుస్తకం. ఆర్విల్‌కి చెప్పు.

మార్నీ

*

పిట్స్‌బర్గ్,
సెప్టెంబరు 20, 1999

గ్రెచెన్‌కి,

రెండు ప్రతులు పంపుతున్నాను, ఒకటి ఆర్విల్‌కి. పోయినేడు విందుకు రాలేకపోయాను. ఈ ఏడూ రాలేను. ఆయన ఎదురుగా నిలబడే ధైర్యం లేదు. ఆవిడ గొంతు నాకు తెలియదు కదా, నడక తెలియదు. తప్పు రాసి ఉంటాను.

ఆఖరి పేజీలో ఒక ప్రకటన ఉంటుంది, టాబీ అత్త కథలు ఇంకో రెండు రాబోతున్నాయని. నువ్వు చూసి గొడవ చేసేలోగా నేనే చెప్తున్నాను. ఫిలిస్ పెట్టిన షరతు అది. వెర్నాను వెర్నాలా ఉంచాలంటే మళ్లీ రెండింటికి సంతకం పెట్టాలి. పెట్టాను. ఏప్రిల్ నవల ఎక్కడిదక్కడే ఉంది.

దీన్ని త్యాగమనుకోకు. ఆ నవల రాయలేనన్న భయానికి మంచి సాకు దొరికిందని కూడా అనుకోవచ్చు. అందులో ఇదెంతో అదెంతో నాకే తెలియదు. అలసిపోయానన్నది మాత్రం తెలుసు. ఆర్విల్‌కి ఈ షరతు సంగతి చెప్పకు.

నచ్చకపోతే నచ్చలేదని రాయి. దాచకు.

మార్నీ

*

హార్లో మిల్స్,
అక్టోబరు 22, 1999

మార్నీ,

గొడవ చెయ్యడానికి రెండు పేజీలు రాసి చింపేశాను. సంతకమైతే పెట్టేశావు. షరతు సంగతి చెప్పలేదు, చెప్పను.

దాచకు అన్నావు కాబట్టి వరసగా చెప్తాను. ఆర్విల్ పుస్తకాన్ని మూడు వారాలు చదివాడు. రోజూ బస్సులో, పిల్లలు రాకముందు. ఇవాళ శుక్రవారం కదా, మధ్యాహ్నం వచ్చాడు. హాల్లో గుమ్మడికాయలు సర్దుతున్నాం. నేను నిచ్చెన మీదున్నాను, క్లైడ్ కింద పట్టుకున్నాడు.

"ఆవిడకి రాయి" అన్నాడు ఆర్విల్ నాతో. "వెర్నా అంత మెల్లగా నడవదు. కుక్కతో గొడవ బాగుంది. కొట్టు హెన్రీతో అన్న మాట అచ్చం అలాగే అనేది. టోపీ రంగు తప్పు. ఎవరైనా తలుపు కొడితే ముందు కర్టెన్ పక్కనుంచి చూస్తుంది, ఊరికే తీసెయ్యదు."

"రాస్తాను. ఇంకా?"

"ఇంకేం లేదు. అందరూ వచ్చారు, అడిగారు. ఆ పేజీలు చాలా ఉన్నాయి."

పుస్తకంలో చివరి అధ్యాయం దగ్గర ఒక కాగితం ముక్క పెట్టి ఉంది. ఇంకా చదవాల్సింది ఉంది కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అది చూసి క్లైడ్ నిచ్చెన వదిలేసి వచ్చాడు. నేను పైన ఉన్నానన్న ధ్యాస కూడా లేదు ఆ మనిషికి.

"అక్కడ ఆపేశావా? అసలు సంగతి అంతా అందులోనే! ఆవిణ్ణి చంపిందెవరో చెప్పనా? నువ్వు కల్లో కూడా..."

"నోర్మూసుకో క్లైడ్" అన్నాడు ఆర్విల్. గొంతు పెంచలేదు. "ఎవడో ఒకడు. వాడి కోసం చదవలేదు నేను."

పుస్తకం కోటు లోపల పెట్టుకుని, టోపీ తలమీద పెట్టుకుని వెళ్లాడు. బడి వదిలే వేళైంది. కిటికీలోంచి చూస్తే బస్సు మలుపు దాటేదాకా కనబడింది.

గ్రెచెన్